కాకినాడపై బాంబులు కురిపించిన నౌకాదళాధిపతి ఒజావా

కాకినాడ: 1942 ఏప్రిల్ 6. బంగాళాఖాతం మీదుగా వచ్చిన జపాన్ విమానాలు కాకినాడపైనా, అదే రోజు విశాఖపట్నంపైనా బాంబులు జారవిడిచాయి. రెండో ప్రపంచ యుద్ధం గోదావరి డెల్టా గడప తొక్కిన రోజది. ఆ బాంబుల సంగతి పెద్దలు చెప్పగా విన్నవారు జిల్లాలో ఉన్నారు గానీ, వాటిని పంపిన వైస్ అడ్మిరల్ జిసబురో ఒజావా పేరెరిగినవారు అరుదు.

జపాన్‌లోని మియజాకి ప్రాంతంలో 1886లో జన్మించిన ఒజావా 1909లో నౌకాదళ విద్యాలయం నుంచి పట్టభద్రుడయ్యాడు. ఆయన విమాన చోదకుడు కాదు. టార్పెడోల ప్రయోగంలో నిపుణుడు. అయినా విమానాల శక్తిని ముందుగా గ్రహించిన కొద్దిమందిలో ఒకడు. విమానవాహక నౌకలను తలో దిక్కుకూ పంపక, అన్నిటినీ ఒకే సేనాని కింద ఉంచి మూకుమ్మడిగా ప్రయోగించాలని 1940లో ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది అలాంటి దళమే ఏర్పడింది. దాని నాయకత్వం మాత్రం సీనియారిటీ పేరిట నగుమోకు దక్కింది. పెరల్ హార్బర్‌ను ధ్వంసం చేసింది ఆ దళమే.

1942 ఏప్రిల్‌లో నగుమో కొలంబోపై విరుచుకుపడగా, ఒజావా బంగాళాఖాతంలో ప్రవేశించాడు. ఆయన వద్ద ఉన్న విమానవాహక నౌక ‘ర్యూజో’ ఒక్కటే, అదీ చిన్నది. ఈ తీరానికి చెప్పుకోదగ్గ వైమానిక రక్షణ లేదు. బ్రిటిష్ నౌకాదళం దూరాన ఉంది. అందుకే బలగాలను కూడగట్టాలని వాదించిన ఆయనే తన దళాన్ని మూడుగా చీల్చి సముద్రంపైకి వదిలాడు. సుమారు 20 వాణిజ్య నౌకలు మునిగిపోయాయి. ఎదురులేని చోట దక్కిన గెలుపది.

అసలు పరీక్ష 1944 జూన్ 19న మేరియానా దీవుల వద్ద ఎదురైంది. ఒజావా వద్ద తొమ్మిది విమానవాహక నౌకలు, అమెరికా వద్ద 15. జపాన్ విమానాలు ఎక్కువ దూరం ఎగరగలవు. శత్రువుకు అందనంత దూరం నుంచే దాడి చేసి, గువామ్ దీవిలో దిగి, ఇంధనం నింపుకొని మళ్లీ విరుచుకుపడాలన్నది ఆయన వ్యూహం. కాగితంపై దానికి వంక పెట్టలేము.

అయితే ఆరితేరిన పైలట్లు అప్పటికే నేలకొరిగారు. కొత్తవారికి తగిన శిక్షణ లేదు. రాడార్ల సాయంతో అమెరికన్లు వారిని దారిలోనే అడ్డగించారు. గువామ్‌లోని విమానాలు ముందే నాశనమైనా, వాటి దళపతి ఆ నిజాన్ని ఒజావాకు తెలియనివ్వలేదు. ఆయన ఎక్కిన ‘తైహో’ నౌక ఒక్క టార్పెడో దెబ్బతో, ఇంధన ఆవిరి అంటుకుని పేలిపోయింది. మరో నౌకకు మారిన ఒజావా, తిరిగిరాని విమానాలు గువామ్‌లో దిగి ఉంటాయనే భ్రమపడ్డాడు. జపాన్ ఆ ఒక్కరోజే 300కు పైగా విమానాలను కోల్పోయింది. ఒజావా రాజీనామా సమర్పించినా ఆమోదం పొందలేదు.

అదే ఏడాది అక్టోబరులో, సుమారు 100 విమానాలే మిగిలిన నాలుగు వాహక నౌకలను ఆయన ఎరగా వేశాడు. అమెరికా సేనాని హాల్సీ వాటి వెంటపడ్డాడు. నాలుగూ మునిగాయి. ఆ త్యాగంతో దారి తెరుచుకున్నా, మరో జపాన్ సేనాని కురిత లక్ష్యం ముంగిట నుంచి వెనుదిరిగాడు.

1945 మే నెలలో ఒజావా జపాన్ సంయుక్త నౌకాదళానికి చివరి అధిపతి అయ్యాడు. పూర్తిస్థాయి అడ్మిరల్ హోదాను మాత్రం నిరాకరించాడు. 1966లో కన్నుమూశాడు. కాకినాడపైకి విమానాలను పంపిన ‘ర్యూజో’ మాత్రం ఆ దాడి జరిగిన ఏడాదే ఆగస్టు 24న సాలమన్ దీవుల వద్ద అమెరికా విమానాల దాడిలో మునిగిపోయింది.