విహగశాస్త్రవేత్త సలీం అలీగారి జీవితము

మన వర్గల్ గుట్టపై విద్యాసరస్వతీదేవి కొలువైయున్నది. ఆ తల్లికి హంస వాహనము. ఆ గుట్టనీడనే పుట్టి పెరిగిన మన పెద్దలు ఉదయమున సరస్వతిని తలచి, ఆ సాయంకాలమే తుపాకి బుజమున వైచికొని చెరువుగట్టున హంసజాతి పక్షులకై పొంచియుండెడివారు. ఇందు విరోధమున్నదని ఆ కాలమున నెవ్వరికిని తోచలేదు. బాల్యమున మాకును తోచలేదు.

సంఘ వార్షిక సంచికకై యొక మహాపురుషుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యదర్శులు మమ్ము కోరిరి. ఇట్టి సంచికలలో స్వకులమున జన్మించినవారి చరిత్రములే వ్రాయుట వాడుక. మేము మాత్రము అన్యకులమునను అన్యమతమునను జనించిన సలీం అలీగారిని ఎన్నుకొంటిమి. ఏల యెన్నుకొంటిమో చదువరులు తుదివరకు చదివినచో గ్రహింపగలరు.

సలీం అలీగారు 1896 వ సంవత్సరము నవంబరు 12 వ తేదీన బొంబాయినగరమున జన్మించిరి. తలిదండ్రులకు కడగొట్టు సంతానము. ఏడాది నిండునప్పటికి తండ్రియు, మూడేండ్లప్పటికి తల్లియు గతించిరి. అనాథలైన ఆ పిల్లలను సంతానహీనులైన మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీగారును ఆయన భార్య హమీదా బేగముగారును తమ యింటనుంచుకొని పోషించిరి. మేనమామకు వేటయందు మిక్కుటమగు ప్రీతి. ఆయన మేనల్లునకొక గాలితుపాకి బహూకరించెను. బాలుడు పిచ్చుకలను కొట్టుటయే వినోదముగ పెట్టుకొనెను.

పది పండ్రెండేండ్ల వయసున నొకనాడు అతడు కొట్టిన పిచ్చుక కంఠమున పసుపుపచ్చని మచ్చ కానవచ్చెను. అట్టి పిచ్చుకను అతడు మునుపు చూచి యెరుగడు. మేనమామ నడిగెను. ఆయనకును తెలియదు. తెలియదని యొప్పుకొని, బాలుని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు కార్యదర్శియగు మిల్లర్డుదొరగారి కడకు పంపెను. ఆ దొర పక్షిని చూచి, అది పసుపుగొంతు పిచ్చుక యని చెప్పి, సంఘమందలి పెట్టెల సొరుగులను లాగి, దూది కూరి భద్రపరచిన వందలకొలది పక్షుల చర్మములను చూపి, పుస్తకములిచ్చి పంపెను. చంపిన పక్షియొక్క పేరడుగ వెడలిన బాలుడు మరలివచ్చునప్పటికి విద్యార్థియయ్యెను. ముప్పదియేండ్లకు పైగా బడిలో పనిచేసిన మాకు ఈ ఘట్టమున మిక్కిలి నచ్చినది మేనమామగారి నడవడి. తమకు తెలియని దానిని తెలిసినవారికడకు పంపుట గురువులు నేర్వవలసిన గుణము.

కళాశాలలో చదువు చక్కగ సాగలేదు. 1914 లో బర్మాదేశమునకు పోయి, తవాయిలో తమ కుటుంబమువారి గనుల వ్యాపారమునను కలప వ్యాపారమునను ప్రవేశించిరి. అచ్చటి యడవులు పక్షులను చూపినవి గాని లాభమును చూపలేదు. 1917 లో తిరిగివచ్చి, బొంబాయి సెంటు జేవియర్ కళాశాలలో ఫాదర్ బ్లాటరుగారి ప్రోత్సాహమున జంతుశాస్త్రము నభ్యసించిరి. 1918 డిసెంబరులో తెహమీనాగారిని వివాహమాడిరి. 1926 లో బొంబాయి మ్యూజియమున ప్రకృతిశాస్త్రశాఖకు ఉపన్యాసకులుగ నియమితులైరి. పిదప సెలవు పుచ్చుకొని జర్మనీకి వెడలి, బెర్లిను మ్యూజియమున స్ట్రేసెమాన్ పండితునికడ పక్షిశాస్త్రమును క్రమముగ నేర్చిరి. 1930 లో స్వదేశమునకు వచ్చునప్పటికి, ధనము చాలదన్న కారణమున ఆ యుద్యోగమే రద్దయియుండెను.

అంతటి విద్యగలవానికి నౌకరి దొరకకుండుట కుటుంబమునకు కష్టమే. అయినను దంపతులిరువురు బొంబాయికి దూరమున సముద్రతీరమందలి కిహిం గ్రామమున చేరిరి. అచ్చట గిజిగాళ్ళు గూళ్ళల్లుట యారంభించియుండెను. సలీం అలీగారు దినముల తరబడి వానిని గమనించి, పోతు గూటిని సగము కట్టి నిలుపుననియు, పెంటి వచ్చి నచ్చినచో దానిని పూర్తిచేయుననియు, పిదప అదే పోతు మరియొక గూటిని మొదలుపెట్టి మరియొక పెంటిని రావించుననియు కనుగొనిరి. మనము నిత్యము బావిగట్టున చూచుచు విచారింపని సంగతి అది.

పిమ్మట ఆయన సంస్థానాధిపతులకొక సూచన చేసిరి. తమకు జీతము వలదు, బసకును ప్రయాణమునకును అగు వ్యయము భరించినచో ఆ సంస్థానమందలి పక్షులనన్నిటిని పరిశీలించి యిత్తుమనిరి. హైదరాబాదు ప్రభుత్వము ముందుగ సమ్మతించెను. 1931, 32 సంవత్సరములలో నడచిన ఈ పరిశీలన ఆయన జీవితమునకు మూలస్తంభమైనది. ఇటు తెలంగాణమునందును అటు మరాట్వాడయందును, అమరాబాదు పీఠభూమిమీది ఫరహాబాదు మొదలగు అడవులయందును గుడారములు వేసికొని సంచరించిరి. తెహమీనాగారు వెంటనుండి బస నిర్వాహమంతయు తామే వహించిరి. ఆ పరిశీలనఫలితములు ఇంగ్లండులోని విస్లరు పండితుని వ్యాఖ్యలతో బొంబాయి సంఘపు పత్రికయందు ప్రకటింపబడినవి. తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, మైసూరు మొదలగు సంస్థానములును ఇదే మార్గము ననుసరించినవి.

ఇచ్చట తుపాకి సంగతి కొంత చెప్పవలెను. పక్షిని చంపకుండ శాస్త్రము సాగని కాలమది. నమూనా చర్మమునకు రంధ్రములు పడరాదు. కావున సేకరణకారులు చిన్న బోరు తుపాకులను, ఆవగింజలకంటె సన్నని రవ్వలను వాడెడివారు. ఒక పౌను సీసమును పండ్రెండు సమానమైన గుండ్లుగ పోసినచో అందొక్క గుండు పట్టు గొట్టము 12 బోరు. ఇరువదియెనిమిదిగ పోసినచో 28 బోరు. సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగును. 410 అను తుపాకి మాత్రమీ లెక్కకు రాదు. అది అంగుళములో వేయింట 410 పాళ్ళ వెడల్పుగలది. చిన్న తుపాకి చిన్న పిట్టకు దగ్గరనుండి సరిపోవును. అదే తుపాకిని చెరువుమీద నెగురు పెద్ద బాతుపై దూరమునుండి ప్రయోగించినచో రవ్వలు తగినన్ని తగులవు. తగిలినవి లోతుగ దిగవు. పక్షి చావదు, గాయపడి యెగిరిపోయి ఏ తుంగలోనో దినములపాటు బాధపడి చచ్చును. వేటగాని సంచిలోని లెక్కకు ఆ పక్షి రాదు.

ఇది మేము పుస్తకములలో చదివి వ్రాయుట లేదు. 1971 వ సంవత్సరపు చలికాలమున, పండ్రెండేండ్ల ప్రాయమున, మా పెదనాయనగారి వెంట వేకువజామున మా యూరి చెరువునకు పోతిమి. పటేలుగిరి చేసిన యిండ్లలో తుపాకి యుండుట ఆ దినములలో గౌరవచిహ్నము. తెల్లని తలపై రెండు నల్లని పట్టెలుగల పెద్ద బాతుల జంట నీటనుండి లేచినది. పెదనాయనగారు తమ చిన్న తుపాకిని మా చేతికిచ్చిరి. మేము కాల్చితిమి. ఒకటి వంకరగ నెగిరి అవతలి తుమ్మలలో పడినది. ప్రొద్దెక్కువరకు వెదకినను దొరకలేదు. రెండవది చెరువుపై చుట్లు తిరుగుచు అరచుచుండెను. ఆనాడు ఇంటికి వచ్చి గొప్పలు చెప్పుకొంటిమి. తరువాత సంస్కృతపాఠశాలలో గురువుగారు వాల్మీకి ముని యెదుట బోయవాడు క్రౌంచమిథునమున నొకదానిని కొట్టిన కథ బోధించుచుండగా, తోడి విద్యార్థులు మునియొక్క శోకమును తలచుకొనిరి. మేము బోయవాని పక్షమున తలవంచుకొని కూర్చుంటిమి.

తిరిగి చరిత్రమునకు వత్తము. 1939 లో తెహమీనాగారు శస్త్రచికిత్సానంతరము మరణించిరి. సలీం అలీగారు మరల వివాహమాడక, సోదరి యింట నివసించుచు శేషజీవితమును పక్షులకే అర్పించిరి. 1941 లో వెలువడిన ఆయన భారతదేశపు పక్షుల పుస్తకము సామాన్యులకు సైతము పక్షుల గుర్తింపును నేర్పినది. 1945 లో కైలాస మానససరోవరములకు పక్షిపరిశీలనార్థము యాత్ర చేసిరి. మన కవులు హంసలకు స్వస్థానముగ వర్ణించిన సరోవరమది. మన చెరువులకు చలికాలమున వచ్చు ఆ పట్టెతల బాతులు టిబెట్టు, లడఖు, మంగోలియా సరస్సులలో పిల్లలను పొదిగి, హిమవత్పర్వతములను దాటి మనకడకు వచ్చును. 1959 నుండి ఆయన నాయకత్వమున బొంబాయి సంఘమువారు వలసపక్షుల కాళ్ళకు సంఖ్యగల కడియములు తొడిగి విడుచుపని ఆరంభించిరి. అట్టి కడియముల మూలముననే అనేక పక్షుల రాకపోకలు నిర్ధారణమైనవి.

భరతపురము కథ మన సంఘీయులు ముఖ్యముగ తెలిసికొనదగినది. అచ్చటి కేవలాదేవ్ జలాశయము సంస్థానాధిపతుల బాతువేటకు ప్రసిద్ధము. 1938 నవంబరు 12 వ తేదీన, అనగా సలీం అలీగారి జన్మదినముననే, వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు బృందమువారు ఒక్కదినమున 4,273 పక్షులను కూల్చిరి. ఆ లెక్క అచ్చట శిలపై చెక్కబడియున్నది. స్వాతంత్ర్యానంతరము ఆ నేలను ఎండగట్టి సాగుచేయవలెనను ఆందోళన కలుగగా, సలీం అలీగారు నెహ్రూగారికి నచ్చజెప్పి దానిని కాపాడిరి. 1956 లో అది పక్షిరక్షణస్థలమయ్యెను. మహారాజుగారి వేటహక్కు 1972 వరకు మిగిలియుండెను. 1982 లో జాతీయోద్యానమై, 1985 లో ప్రపంచవారసత్వస్థలముగ పరిగణింపబడెను.

అయితే ఆయన పొరపాటునుగూడ చెప్పకున్న చరిత్రము కాదు. పశువుల మేత పక్షులకు హానికరమని ఆయనయు ఆయన సంఘమువారును తలచిరి. 1982 లో మేత నిషేధింపబడగా గ్రామస్థులు తిరగబడిరి, పోలీసులు కాల్చిరి, ప్రాణములు పోయినవి. పిదప ఆ సంఘమువారే సాగించిన దీర్ఘపరిశీలనలో, ఎనుములు మేయకపోవుటచే గడ్డి బలిసి నీటిని కప్పివేసి పక్షులకు చోటులేకుండ చేసెనని తేలినది. తమ యభిప్రాయమునకు విరుద్ధమైన సత్యమును తామే ప్రకటించుట ఆ సంఘమునకు శోభ. ఊరివారిని వెలివేసి చెరువును కాపాడ వలనుపడదని ఇందువలన తెలియుచున్నది.

ఇట్టిదే మరియొక విషయము మన తెలుగునేలమీద జరిగెను. కలివికోడి యను పక్షి 1900 తరువాత నెవ్వరికిని కానరాక, నశించినదని తలపబడెను. 1986 జనవరిలో కడపజిల్లాయందు బొంబాయి సంఘపు శాస్త్రజ్ఞునకు అది మరల లభించెను. రాత్రివేళ దీపము పట్టుకొని వెడలి దానిని పట్టియిచ్చినవాడు స్థానికుడైన యొక వేటగాడు. తొంబదియేండ్లకు సమీపించిన సలీం అలీగారు ఆ వార్తను వినుటకు జీవించియుండిరి.

ప్రభుత్వము ఆయనను 1958 లో పద్మభూషణ బిరుదముతోను, 1976 లో పద్మవిభూషణ బిరుదముతోను సత్కరించి, 1985 లో రాజ్యసభకు నామకరణము చేసెను. జె. పాల్ గెట్టి బహుమానముగ లభించిన 50,000 డాలర్లను ఆయన తమకుంచుకొనక ప్రకృతిరక్షణనిధికి వినియోగించిరి. 1987 వ సంవత్సరమున తొంబదియేండ్ల వయసున బొంబాయిలో పరమపదించిరి.

ఇక మన మాట. 1972 నాటి వన్యప్రాణిరక్షణ చట్టమును, 1991 నాటి సవరణయు వినోదపు వేటను పూర్తిగ నిషేధించినవి. నైజాం ప్రభువుల వేటస్థలమైన పోచారము 1952 నుండి రక్షణస్థలమై, నేడును చలికాలమున పట్టెతల బాతులకును జక్కవలకును ఆశ్రయమిచ్చుచున్నది. 2020 లో మన సమీపముననే కొండపోచమ్మసాగరము నీటితో నిండినది. నీరున్నచోటికి పక్షి వచ్చును. పక్షి వచ్చినచోటికి తుపాకియు వచ్చుచున్నది. మన కులమందలి కొందరు యువకులు పూర్వుల పేరు చెప్పి రహస్యముగ బాతువేటకు పోవుచున్నారని వినుట మాకు మిక్కిలి దుఃఖకరము. పూర్వుల వేటలో గౌరవమున్నదని తలచువారు, దొరల వేటలకు తుప్పలు కొట్టుటకై వెట్టికి తరుమబడిన పేదలనుగూడ స్మరింపవలెను.

పూర్వుల గౌరవమును నిలుపుకొనుటకు మార్గమున్నది. ఏ తుంగలో ఏ పిట్ట గూడుకట్టునో, ఏ గాలికి ఏ బాతు దిగునో వేటగాండ్రైన మన పెద్దలకు తెలిసినంత పట్టణవాసులకు తెలియదు. ఆ తెలివి వారితోనే నశించుచున్నది. సంఘపోషకులు విద్యార్థులకు బహుమతులిచ్చునప్పుడు ఒక దుర్భిణియు, ఒక పక్షుల పుస్తకమును చేర్చి యిత్తురుగాక. యువకులు పెద్దలకడ కూర్చుండి పిట్టల పేర్లు వ్రాసికొందురుగాక. మా పెదనాయనగారి తుపాకిని ఠాణాలో అప్పగించి చాలయేండ్లయినది. ఏటేట చలికాలమున మేము రిక్తహస్తములతో ఆ చెరువుగట్టునకు పోయి, వచ్చిన బాతులను లెక్కించుచున్నాము. రానున్న చలికాలమున మాతోడ గట్టుమీద కూర్చుండుటకు ఎవ్వరు వచ్చినను స్వాగతము. హంసవాహనయగు ఆ తల్లి మన సంఘమునకు సద్బుద్ధిని సౌభాగ్యమును ప్రసాదించుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.