మైకేల్ టోనెట్టు చరిత్రము

మన వడ్రంగి సోదరులు వీణకుండను పనసమ్రానినుండి తొలిచి తీయుదురు. పాశ్చాత్యుల గిటారు అట్టిది కాదు. దాని ప్రక్కచెక్క మందము సుమారు 2 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని నడుమువద్ద లోనికిని, తక్కినచోట్ల వెలికిని వంపవలయును. ఒంటిచెక్కను తడిపి వేడిమిచే వంచువారు కొందఱు. రెండు మూడు పొరలకు బంక పూసి అచ్చునందు బిగించి ఆఱనిచ్చువారు కొందఱు. పొరలు ఒకదానినొకటి పట్టియుంచుటచే ఇట్లు చేసిన వంపు అచ్చు విడిచిన పిమ్మటను అంతగా సడలదు. పారిసు నగరమున సెల్మరు కంపెనీవారు 1932 మొదలు చేయించిన గిటార్లలో పెక్కింటికి వీపును ప్రక్కలును ఇట్టి పొరచెక్కవే. వానిపై మన దేశపు జిట్రేగి పొరను అతికించిరి.

ఈ విద్యకై ఇల్లు వాకిలి పోగొట్టుకొనిన వడ్రంగి యొకడు కలడు. ఆతడు గిటార్లు చేసినవాడు కాడు, కుర్చీలు చేసినవాడు. అయినను వృత్తి మనది గనుక ఆతని చరిత్రమును కులబాంధవులకును పోషకమహాశయులకును విన్నవించుచున్నాము.

మైకేల్ టోనెట్టు 1796వ సంవత్సరము జూలై 2వ తేదీన జర్మనుదేశమున రైను నదీతీరమందలి బొప్పార్డు పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్లు పదునుచేయు వృత్తివాడు. కుమారుడు వడ్రంగము నేర్చి 1819లో సొంత కర్మశాల పెట్టుకొనెను. మఱుసటి యేట వివాహమాడెను. సంతానములో ఐదుగురు కుమారులు పెరిగి తండ్రి పనియందే నిలిచిరి.

వంకరకాలు కావలసినపుడు లావుమ్రానునుండి కోసి తీయుట నాటి పద్ధతి. అందుచే కఱ్ఱ వృథాయగుటయే కాక, వంపువద్ద పోగు అడ్డముగా తెగి అచ్చటనే విఱుగును. ఈ కష్టము ఎఱుగని వడ్రంగి మనలో లేడు. టోనెట్టు 1830 తరువాత వేఱొక యుపాయము కనిపెట్టెను. పలుచని చెక్కపట్టీలను కట్టగా కట్టి, కాగుచున్న బంకలో ఉడికించి, మెత్తబడిన వెంటనే అచ్చులో వంచి ఆఱనిచ్చెను. పోగు వంపువెంటనే నడచుటచే వస్తువు తేలికయు గట్టియు నయ్యెను. బంక యింతగా కావలసినందున 1837లో ఆతడు బంకకార్ఖానానే కొనెను.

హక్కుపత్రమునకై ప్రష్యా ప్రభుత్వము నడుగగా వారు నిరాకరించిరి. ఇతర దేశములలో చేసిన యత్నములకు ధనమంతయు వ్యయమై అప్పులు పెరిగెను. 1841లో కోబ్లెంజు ప్రదర్శనమున ఆతని సామానులను ఆస్ట్రియా మంత్రియగు మెటర్నికు ప్రభువు చూచి వియన్నాకు రమ్మని ఆహ్వానించెను. ఆతడు వియన్నాలో నుండగా బొప్పార్డునందలి ఆస్తిని ఋణదాతలు జప్తుచేసిరి. 1842లో భార్యాబిడ్డలు కట్టుబట్టలతో ననదగిన స్థితిలో వియన్నా చేరిరి. ప్రభువుల మెప్పు అప్పు తీర్పదని మా యభిప్రాయము. అయినను ఆ యేడే ఆస్ట్రియావారు ఆతనికి హక్కు నొసంగిరి.

కొన్ని సంవత్సరములు పరుల కర్మశాలలో పనిచేయుచు లీఖ్‌టెన్‌స్టైను ప్రభువుల నగరులో చిత్రమైన చెక్కనేలలు పరచెను. 1849లో మరల సొంత కర్మశాల తెఱచెను. వియన్నాలోని దౌమ్ కాఫీశాలకు పొరచెక్క కుర్చీలు చేసియిచ్చెను. 1851 లండను మహాప్రదర్శనమున కంచుపతకము లభించెను. 1853లో వ్యాపారమును ఐదుగురు కుమారుల పేర మార్చెను.

ఇంతలో పెద్ద చిక్కు వచ్చెను. ఓడలపై దూరదేశములకు పోయిన కుర్చీలలో బంక తేమకు కరగి పొరలు విడిపోయెను. పేరు తెచ్చిన విద్యయే పేరు చెఱుప నారంభించెను. అరువదేండ్లకు సమీపించిన ఆ వృద్ధుడు తన జీవితకృషిని పట్టుకొని వ్రేలాడక, పొరలు లేని నిండుకఱ్ఱనే వంపబూనెను. ఆవిరిలో మెత్తబడిన కఱ్ఱను వంచినపుడు లోవైపు నొక్కుకొనును, వెలివైపు సాగి చీలును. నొక్కుడు కఱ్ఱ యోర్చుకొనును గాని సాగుడు ఓర్వదు. కావున వెలివైపున ఇనుపపట్టీని తగిలించి, కొసలు బిగించి, పట్టీతో కూడ వంచెను. పట్టీ సాగనీయదు గనుక కఱ్ఱయంతయు నొక్కుకొనుచు వంగెను. దీనికి 1856లో హక్కు లభించెను. ఇనుపపట్టీ యొకటి! ఇంత స్వల్పమైన సాధనముతో అంత చిక్కు తీఱుట మాకు ఆతని గొప్పతనములలో ముఖ్యముగా తోచుచున్నది.

ఆ యేడే మొరేవియాలో బీచి వనములు దట్టముగానున్న కొరిచాను గ్రామమున కార్ఖానా వెలసెను. 1859లో వచ్చిన 14వ నంబరు కుర్చీకి ఆఱు కఱ్ఱముక్కలు, పది మరమేకులు, రెండు నట్టులు చాలును. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో ఇమిడెను. 1930 నాటికి ఐదుకోట్లు అమ్ముడయ్యెనని లెక్కింతురు.

ఇచ్చట ఒకమాట చెప్పక తప్పదు. ఆ కార్ఖానాలలో పనిచేసినవారు ఎక్కువమంది వృత్తి నేర్చిన వడ్రంగులు కారు. చుట్టుప్రక్కల పల్లెజనులు, మెఱుగుపెట్టుటకును పేము అల్లుటకును స్త్రీలు. పనిని చిన్నచిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగమే నేర్పిరి. బీదలకు అన్నము దొరకెను, నిజమే. కాని చెక్కను చూచి దాని గుణము తెలిసికొను కన్ను అచ్చట టోనెట్టుకును కొడుకులకును ఉన్న చాలునన్నట్లయ్యెను. వడ్రంగి కనిపెట్టిన యుపాయము వడ్రంగిని అక్కఱలేనివానిగా చేసినదని విచారించు మన పెద్దల మాట త్రోసివేయదగినది కాదు.

1867 పారిసు ప్రదర్శనమున స్వర్ణపతకము వచ్చెను. 1869లో హక్కు గడువు ముగియగా, కార్ఖానాలు పెట్టి అట్టి కుర్చీలనే చేయువారు పెరిగిరి. టోనెట్టు 1871 మార్చి 3వ తేదీన వియన్నాలో దేహము చాలించెను. ఆనాటికి కొడుకులు ఐదుగురును పనిలోనే యుండిరి.