కాటన్ దొర పడవ దారి

గోదావరి జిల్లాల్లో కాటన్ దొర పేరు తెలియని ఇల్లాలు ఉండదు. మనం తినే అన్నం ఆయన చలవేనని పెద్దలు చెబుతూనే ఉంటారు. అయితే ఆయన పంటలకి నీళ్లతో పాటు మనుషులకి దారి కూడా ఇచ్చాడన్న సంగతి చాలామంది మర్చిపోయారు.

1803లో ఇంగ్లండులో పుట్టిన ఆర్థర్ కాటన్ పద్దెనిమిదేళ్లకే మద్రాసు వచ్చాడు. ఆరోగ్యం చెడి సెలవు మీద టాస్మానియా వెళ్లినప్పుడు, 1841లో ఎలిజబెత్ లెర్మాంత్‌ని పెళ్లాడాడు. ఇక్కడ చూస్తే కరువులు, తుఫానులతో జనం అల్లాడుతున్న రోజులు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలైంది, 1852కి పూర్తయింది.

కాలువలు తవ్వించినప్పుడే పడవలు నడిచేలా లాకులు కూడా పెట్టించాడు. గాలి ఉంటే తెరచాప ఎత్తడం, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం! ధాన్యం బస్తాలు, పెళ్లివారు, పురిటికి పుట్టింటికి వెళ్లే అమ్మాయిలు, అందరూ పడవెక్కేవారే.

రైళ్ల కంటే పడవ కాలువలే బీదవాళ్లకి చవక అని ఆయన లండన్‌లో 1878లో పార్లమెంటు సంఘం ముందు కూడా వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు. 1899లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఆయన జీవితచరిత్రని కూతురు లేడీ హోప్ అచ్చు వేయించింది.

రైళ్లు, బస్సులు వచ్చాక పడవలు మూలపడ్డాయి. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువల్ని జాతీయ జలమార్గంలో చేర్చారు. మనం మాత్రం కాలువలోకి చెత్త కవరు విసిరే ముందు, అది మన అమ్మమ్మ పుట్టింటికి వెళ్లిన దారి అని ఒక్కసారి తలుచుకుంటే చాలు.