యెల్లాప్రగడ సుబ్బారావుగారు

మన మడికొండలో చుట్టయు బీడీయు కాల్చు పెద్దలు పలువురు కలరు. వారిలో నెవరికైనను మూడు వారములు గడచినను గొంతు బొంగురు తగ్గనియెడల వైద్యునకు చూపవలెను. అది రాచపుండునకు, అనగా క్యాన్సరునకు, తొలి గుఱుతు కావచ్చును. స్వరతంత్రులయందు వ్యాధి చిన్నదిగా నున్నపుడే కనుగొన్నచో, మెడ కోయకయే నోటి మార్గమున లేసరు కిరణమును ప్రసరింపజేసి దానిని తొలగింతురు. వృద్ధుల కిది మిక్కిలి అనుకూలము. వ్యాధి ముదిరి, శస్త్రచికిత్సకు గాని తీవ్రమైన మందులకు గాని శరీరము తాళలేనివారికి, వారమున కొకమాఱు స్వల్పముగా నిచ్చు మెథోట్రెక్సేటు అను మందు కలదు. అది రోగమును కుదుర్పకపోయినను కొందఱికి కొంతకాలము ఉపశమన మిచ్చును. ఆ మందు పుట్టిన ప్రయోగశాలకు నాయకుడు తెలుగువాడని మన విద్యార్థులలో నెందఱెఱుగుదురు?

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. చదువున మొదట రాణింపలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవసారి గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్యకళాశాలకు ఖద్దరు ధరించి పోయినందున శస్త్రవైద్యాచార్యులగు బ్రాడ్‌ఫీల్డుగారి ఆగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. యౌవనముననే సోదరు లిద్దఱు స్ప్రూ అను ప్రేగుల వ్యాధిచే కొలది దినముల యెడముతో గతించిరి. ఈ దుఃఖమే ఆయనను పరిశోధనకు పురికొల్పెనని మేము తలంతుము.

మామగారి ధనసహాయముతో అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. ఉదరపోషణకై రాత్రులు ఆసుపత్రిలో సేవకవృత్తి చేసిరి. ఫిస్కేగారితో గూడి రక్తమున భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు పదార్థములను గూర్చియు పరిశోధించిరి. అయినను అచ్చట స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. ఇంట విడిచివచ్చిన భార్య శేషగిరమ్మగారిని మరల చూడనే లేదు. కుమారుడు శైశవముననే గతించెను. ఆ యిల్లాలు మోసిన భారమును తలపక ఈ చరిత్రను చెప్పుట న్యాయము కాదు.

1940లో లెడర్లీ ప్రయోగశాలకు పోయిన పిదప ఆయన నాయకత్వమున ఫోలికామ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి అదియే ఔషధ మయ్యెను! శరీరకణములు పెరిగి విభజన చెందుటకు ఈ ఆమ్లము అవసరము. దానిని పోలియు దాని పని చేయని పదార్థమును కణమున కందించినచో, కణము మోసపోయి పెరుగుట మానును. వేగముగా పెరుగు రాచపుండు కణములే ముందుగా దెబ్బతినును. ఈ యూహనుండియే అమినోప్టెరిను, దాని పిమ్మట మెథోట్రెక్సేటు వెలువడినవి. బోస్టను నగరమున ఫార్బరుగారు రక్తపు క్యాన్సరుతో నున్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిను నీయగా 10 మందికి మేలు కనబడెనని 1948 జూనులో ప్రకటించిరి. ఆ మేలు తాత్కాలికమే. అయినను అంతకుముందు ఆమాత్రమును లేదు.

తెలుగు గ్రామములలో బోదకాలు నివారణకై ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్రలును ఆ ప్రయోగశాలనుండి వచ్చినవే.

ఫార్బరుగారి ప్రకటన వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు తమ 53వ యేట నిద్రలోనే మరణించిరి. భారత ప్రభుత్వము 1995లో ఆయన పేర తపాలాబిళ్ళను వెలువరించినది.