పొరుగువాడెవరని ప్రశ్నించుకున్న న్యాయమూర్తి



మంచి సమరీయుని కథ మీకు తెలియనిది కాదు. పొరుగువాడంటే ఎవరని ధర్మశాస్త్రం చదివిన ఒకాయన అడిగితే యేసు ప్రభువు చెప్పిన కథ అది. 1932లో లండన్‌లో ఒక న్యాయమూర్తి తనకు తానే ఆ ప్రశ్న వేసుకున్నారు. ఆయనే లార్డ్ ఆట్కిన్.

ఆట్కిన్ 1867లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పుట్టారు. పసితనంలోనే తండ్రి చనిపోయారు. తల్లి, అమ్మమ్మల నీడలో వేల్స్‌లో పెరిగారు. 1891లో న్యాయవాది, 1913లో న్యాయమూర్తి అయ్యారు. 1928లో హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయపీఠం చేరారు.

చట్టమంటే పార్లమెంటు చేసేదే అనుకుంటాం. బ్రిటన్‌లో చాలా న్యాయసూత్రాలు తీర్పుల నుండే పుట్టాయి. పై కోర్టు తేల్చిన సూత్రానికి కింది కోర్టులు కట్టుబడాలి. 2009లో సుప్రీంకోర్టు ఏర్పడే వరకు ఆ దేశపు అత్యున్నత న్యాయపీఠం హౌస్ ఆఫ్ లార్డ్సే. అక్కడ ఐదుగురిలో ముగ్గురు ఒక మాట మీద నిలిస్తే అదే రేపటి చట్టం.

1928 ఆగస్టులో స్కాట్లాండులోని పెయిస్లీలో మే డొనోహ్యూ అనే పేదరాలు స్నేహితురాలితో కలిసి హోటలుకు వెళ్ళింది. స్నేహితురాలు ఆమెకు జింజర్ బీర్, అంటే అల్లం సోడా వంటిది, కొనిపెట్టింది. నల్లని సీసా కనుక లోపల ఏముందో కనబడదు. సగం తాగాక మిగిలినది వంచితే కుళ్ళిన నత్త పడిందని, తాను జబ్బుపడ్డానని ఆమె దావా వేసింది. ఐదు పౌండ్ల ఆస్తి కూడా లేదని ప్రమాణపత్రం ఇచ్చుకున్న మనిషి ఆమె!

చిక్కేమిటంటే, డబ్బిచ్చింది ఆమె కాదు. కంపెనీకి, ఆమెకు ఏ ఒప్పందమూ లేదు. ఒప్పందం లేనిచోట బాధ్యత ఎక్కడిదన్నది ఆనాటి వాదన. ముగ్గురు ఆమె పక్షాన, ఇద్దరు ఎదురు నిలిచారు. ఆట్కిన్ సమరీయుని కథను తలచుకుని తీర్పు రాశారు. పొరుగువాణ్ణి ప్రేమించమని చట్టం శాసించలేదు గాని, హాని చేయవద్దని మాత్రం చెప్పగలదన్నారు. మన పని వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో ముందే ఊహించగలమో, వారే మన పొరుగువారని తేల్చారు. సీసాలో నత్త నిజంగా ఉందా అన్నది కోర్టులో ఎన్నడూ తేలలేదు. ఆ సూత్రం మాత్రం మన దేశంతో సహా ఎన్నో దేశాల కోర్టులకు చేరింది.

ఆనాడు మన దేశపు చివరి అప్పీళ్ళు ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళేవి. పిఠాపురం నుండి బరంపురం బయలుదేరి హత్యకు గురైన ఒక వ్యక్తి కేసులో 1939లో తీర్పు చెప్పింది ఆట్కినే. తాను ఎక్కడికి, ఎందుకు వెళుతున్నాడో మృతుడు భార్యతో చెప్పిన మాట సాక్ష్యంగా చెల్లుతుందన్నారు. మన కోర్టులు ఆ తీర్పును నేటికీ ఉదహరిస్తాయి.

1941లో అసలు పరీక్ష వచ్చింది. యుద్ధకాలం. హోం మంత్రి ఒక వ్యక్తిని విచారణ లేకుండా నిర్బంధించారు. మంత్రి సరైన కారణముందని నమ్మితే చాలు, కోర్టుకు చూపనక్కరలేదని నలుగురు న్యాయమూర్తులు అన్నారు. ఆట్కిన్ ఒక్కరే కాదన్నారు. యుద్ధం జరుగుతున్నా చట్టం నోరు మూసుకోరాదన్నది ఆయన పట్టు. తీర్పులోని ఘాటైన మాటలు మార్చమని లార్డ్ ఛాన్సలర్ కోరినా వినలేదు. తోటివారు ముఖం చాటేశారు. 1944లో ఆయన కన్నుమూసేనాటికి ఆ తీర్పు ఓడిన తీర్పే. 1979లో అదే హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో, ఆనాటి నలుగురిదే పొరపాటని, ఆట్కినే సరి అని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు.

చూశారా! ముగ్గురిలో ఒకరిగా చెప్పిన మాట వెంటనే చట్టమైంది. ఒంటరిగా చెప్పిన మాటకు ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది. రెండూ ఒకే మనస్సాక్షి నుండి వచ్చినవి.

మనం న్యాయమూర్తులం కాము. కాని పాలు పోసేవారు, మందులు అమ్మేవారు, బండి నడిపేవారు మనలో ఉన్నారు. మన చేతి పని చివరికి ఎవరి ఇంటికి చేరుతుందో మనకు కనబడదు. ఆ కనబడని మనిషే మన పొరుగువాడు.