పక్కవాద్యాన్ని ముందుకు తెచ్చిన ద్వారం

పాట కచేరీలో అందరి చూపూ గాయకుని మీదే ఉంటుంది. పక్కన వయొలిన్ పట్టుకుని కూర్చున్న ఆయన పేరు ఇంటికి వచ్చేసరికి మరిచిపోతాం. ఇంగ్లీషు రాక్ బ్యాండ్లలోనైనా, మన పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలోనైనా ఇదే తీరు. ఇక పటాన్‌చెరు కంపెనీల్లో హెల్పర్ సంగతి మనకు వేరే చెప్పాలా? అలా పక్కన ఉండిపోయిన వయొలిన్‌కు పెద్దపీట వేయించిన తెలుగువారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు.

ఆయన 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించారు. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచే చూపు తక్కువ. బడిలో బోర్డు మీద రాసింది కనిపించేది కాదు, అందువల్ల చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య ఇంట్లోనే వయొలిన్ నేర్పారు.

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరదామని వెళ్ళిన నాయుడుగారి వాయింపు విని, దాసుగారు ఆయనను ఏకంగా వయొలిన్ అధ్యాపకునిగా తీసుకున్నారని చెబుతారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. బడి చదువు సాగనివాడు కాలేజీలో పాఠం చెప్పడం ఈ రోజుల్లో అయితే జరిగేదేనా! 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. మన ఘంటసాల సంగీతం చదివింది కూడా ఆ కళాశాలలోనే.

పక్కవాద్యం చిన్న పని అనుకోకండి. గాయకుడు ఏ సంగతి వేస్తాడో ముందుగా తెలియదు. అతని గొంతు వెంటే, రెప్పపాటు తేడాతో కమాను నడవాలి. అతడు ఊపిరి తీసుకునేటప్పుడు శ్రుతి పడిపోకుండా పట్టి ఉంచాలి. రాగాలాపనలో తన వంతు వచ్చినప్పుడు మాత్రం కొద్దిసేపు సొంతంగా వాయించాలి, అదీ గాయకుణ్ణి మించకుండా! వయొలిన్‌కు మన సంగీతంలో వందేళ్ళకు పైగా ఇదే పాత్ర. నాయుడుగారు ఈ పని ఎంతో నిష్ఠతో చేశారు. ఆనాటి పెద్ద గాయకులు ఎందరికో పక్కన కూర్చున్నారు. పాశ్చాత్యుల వయొలిన్ పద్ధతిని కూడా గమనించి, కమాను మీద సాధన చేశారు. నాదం నిండుగా, తీయగా పలకడమే ఆయన ప్రత్యేకత.

1938లో వెల్లూరులో ఆయన మొదటి సోలో కచేరీ జరిగింది. గాయకుడు లేడు, వయొలినే పాడింది. నా దృష్టిలో ఆయన జీవితంలో పెద్ద సంఘటన ఇదే. బిరుదులు తర్వాత వచ్చాయి: 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ. ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ 1952లో మద్రాసు వచ్చినప్పుడు నాయుడుగారి వయొలిన్ విని ఎంతో మెచ్చుకున్నారు.

నాయుడుగారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1993లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వెలువడింది.