పసుపుగొంతు పిచ్చుక

మంజీరానదికి అడ్డముగా అచ్చంపేట గ్రామమువద్ద 1923వ సంవత్సరమున ఆరంభింపబడిన నిజాంసాగరపు ఆనకట్ట 1931లో పూర్తియయ్యెను. ఆ నీటి చలువవలన బోధను ప్రాంతపు నేలలు చెఱకుతోటలైనవి. 1937లో అచట చక్కెర కర్మాగారము వెలసెను. నీరును పైరును ఉన్నచోట పిట్టలుండుట సహజము. చలికాలమున జలాశయముపై బాతులు దిగును. పొదలవెంట కౌజులును, చేలలో పూరేళ్లును తిరుగును. తుపాకి గల పెద్దలు సెలవుదినములలో పిల్లలను వెంటబెట్టుకొని చిన్నవేటకు పోవుట ఆ కాలమున దేశమున పలుచోట్ల నున్న వాడుక. సంచి మోయుట, పడిన పిట్టను వెదకి తెచ్చుట పిల్లల పని. దానిని తప్పుగా నెంచినవారు అరుదు.

ఆనకట్ట పూర్తియైన ఆ 1931లోనే హైదరాబాదు రాజ్యమున ఏయే పక్షులు ఏయే తావులందున్నవో పరిశీలించుటకు బొంబాయినుండి యొకరు వచ్చిరి. ఆయనయే సలీం ఆలీ. భారతదేశపు పక్షులను ఆయన యెఱిగినంతగా ఎఱిగినవారు మిక్కిలి తక్కువ. ఆయనను ఆ విద్యలోనికి దింపినది పాఠశాల గాదు. మేనమామ చేతికిచ్చిన గాలితుపాకి.

సలీం ఆలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. ఏడాది నిండునప్పటికి తండ్రియు, మూడేండ్లకు తల్లియు గతించిరి. సంతానములేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీయు, ఆయన భార్య హమీదా బేగమును ఆ యనాథబాలుని, అతని తోబుట్టువులను చేరదీసి పెంచిరి. అమీరుద్దీను వేటయందు మక్కువ గలవాడు. ఇంటిలోని మగపిల్లలకు గుఱి నేర్పుటయు, వారిని వెంట గొనిపోవుటయు ఆయనకు వేడుక. ఊరపిచ్చుకలను కొట్టుటలో పిల్లలు ఒకరితో నొకరు పోటీపడుచుండిరి. పడిన పిచ్చుకను మతాచారము ననుసరించి కోసినచో అది వంటయింటికి చేరుచుండెను.

అతనికి పది పండ్రెండేండ్ల ప్రాయమున ఒకనాడు బాలుడొక పిచ్చుకను కొట్టెను. చేతిలోనికి తీసికొని చూడగా అది ఊరపిచ్చుకవలెనే యున్నను గొంతుక్రింద పసుపుమచ్చ కలదు. ఇది తినదగినదో కాదో అను సందేహము కలిగెను. మఱియొక బాలుడైనచో దానిని పారవైచి తుపాకిలో మరల గుండు నింపియుండును. ఇతడు దానిని మేనమామకడకు గొనిపోయెను. ఆయనకును అది యేమి పిట్టయో తెలియదు. తెలియనిదానికి ఏదో యొక పేరు చెప్పి పిల్లవానిని పంపివేయుట పెద్దలకు సుకరము. అమీరుద్దీను అట్లు చేయలేదు. తాను సభ్యుడుగా నున్న బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు కార్యదర్శి మిల్లార్డు దొరకు ఉత్తరము వ్రాసి, చచ్చిన పిట్టతో బాలుని పంపెను.

తెల్లదొరను కలసికొనుటకు బాలునకు గుండె దడదడలాడెను. కాని మిల్లార్డు ఆప్యాయముగా పలుకరించి, అది పసుపుగొంతు పిచ్చుక యని చెప్పెను. పిమ్మట బీరువాల సొరుగులు ఒక్కొక్కటిగా లాగి, దూది కూరి భద్రపఱచిన వందలకొలది పక్షులను చూపెను. ఒక్క దేశమున ఇన్ని రకముల పిట్టలున్నవని అతడు అంతకుమున్ను ఊహింపలేదు. దొర అతనికి చదువుటకు పుస్తకములిచ్చెను. తోలు ఒలిచి పిట్టను నిలువచేయు పద్ధతిని నేర్పింతునని చెప్పెను.

ఆ బాల్యమున సలీం వ్రాసికొనిన యొక సంగతి చదువువారికి నేడు కష్టము తోచును. ఇంటి గుఱ్ఱపుసాలలో గోడతొఱ్ఱయందు ఊరపిచ్చుకల గూడుండెను. ఆడది లోపల గ్రుడ్లను పొదుగుచుండ మగది బయట మేకుపై కావలి కూర్చుండెను. బండిచాటున పొంచి బాలుడు మగదానిని కొట్టెను. కొలదిసేపటికే ఆడది మఱియొక తోడును తెచ్చుకొనెను. దానిని కూడ కొట్టెను. ఏడుదినములలో అట్లు ఎనిమిది మగపిచ్చుకలు పడినవి. ఇది క్రూరత్వమే, దానిని కప్పిపుచ్చవలసిన పనిలేదు. అయినను అతడు లెక్క వ్రాసికొనెను, ఆడపిచ్చుక నడతను గమనించెను. పెద్దవాడైన పిమ్మట ఆ వ్రాతను దిద్దకయే అచ్చువేయించెను.

కళాశాల చదువు అతనికి అంతగా పట్టుబడలేదు. కొన్నియేండ్లు బర్మాలో కుటుంబ వ్యాపారమును చూచి తిరిగివచ్చి, 1918లో తెహ్మీనాను వివాహమాడెను. పిమ్మట బెర్లినుకు పోయి స్ట్రెసెమాన్ అను పండితునికడ పక్షిశాస్త్రము నభ్యసించెను. 1930లో స్వదేశము చేరునప్పటికి పూర్వము చేయుచున్న ఉద్యోగము లేదు. ఆ నిరుద్యోగదినములలో సముద్రతీరమున కిహీము గ్రామమందు కూర్చుండి గిజిగాని గూళ్లను పరిశీలించిన ఫలితమే ఆయనకు ప్రథమఖ్యాతి తెచ్చినది.

అప్పుడే ఆలీగారు సంస్థానాధీశులకు ఒక ప్రతిపాదన చేసిరి. ప్రయాణపు ఖర్చులను, మకాముల ఖర్చులను భరించినచో జీతము లేకయే పక్షుల పరిశీలన చేయుదునని దాని సారాంశము. ముందుగా అంగీకరించినవారిలో నిజాం ప్రభుత్వమొకటి. తెహ్మీనా మకాముల భారము వహింప, ఆయన రాజ్యమున పలుతావులు తిరిగిరి. నమూనాలకొఱకు పక్షులను కాల్చుటయు ఆ పనిలోనిదే. ఆలీగారు తుపాకిని విసర్జించిన సన్న్యాసి కారు. శాస్త్రమునకు నమూనాలు కావలయునని కడవఱకు వాదించిరి. ఆ పరిశీలనము 1933, 1934లలో ప్రకటితమయ్యెను. 1939లో తెహ్మీనా మరణించుట ఆయనకు తీరని దెబ్బ. భారతదేశపు పక్షులను గూర్చి సామాన్యులకై వ్రాసిన గ్రంథము 1941లో వెలువడెను.

వినోదమునకై గుట్టలుగా చంపుట వేఱు. భరత్‌పూరు సరస్సులకడ 1938 నవంబరు 12వ తేదీన వైస్రాయి లిన్లిత్‌గో పాల్గొనిన వేటలో ఒక్కదినమున 4,273 పక్షులు పడినవి. ఆనాడు సలీం ఆలీగారి జన్మదినమగుట విధివిలాసము కాబోలు. తరువాతి కాలమున ఆ సరస్సులు పక్షులకు శరణాలయముగా నిలుచుటకు ఆయన కృషిచేసిరి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1991నాటి సవరణతో చిన్నవేటకును అనుమతులు నిలిచిపోయినవి.

తెలుగునేలకు చెందిన కలివికోడి 1900 తరువాత ఎవరికంటను పడక, అంతరించినదని తలంపబడెను. ఆలీగారి సంఘమువారు కడపజిల్లా ముండ్లపొదలలో దానికై వెదకింపసాగిరి. రాత్రివేళ తిరుగు ఆ పిట్ట జాడ పండితులకు చిక్కలేదు. 1986 జనవరిలో దానిని ప్రాణముతో పట్టియిచ్చినవాడు చీకటిలో దీపముతో వేటాడు స్థానికుడొకడు. అప్పటికి సలీం ఆలీగారికి ఎనుబదితొమ్మిదేండ్లు. మరుసటియేడు జూన్ 20వ తేదీన ఆయన బొంబాయిలో కన్నుమూసిరి.